వేలిముద్ర, అంగీకారం: 1977 ఎన్నికలు సాహిత్య చరిత్రకు వేసే ప్రశ్న

వ్యాససంగ్రహం

1977 మార్చి నాటి లోక్‌సభ ఎన్నికలు అత్యవసర పరిస్థితి అమలులో ఉండగానే జరిగాయి. దేశం మొత్తం మీద పాలకపక్షం ఓడిపోగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు గాను 41 స్థానాలు గెలుచుకొంది. అయినా మన సాహిత్య చరిత్ర బోధనలో 1977ను ‘చీకటి కాలం’ ముగిసిన సంవత్సరంగానే తరచు చెప్పుకొంటున్నాం. ఎమర్జెన్సీ నేపథ్యంగా వెలువడిన రెండు ప్రసిద్ధ ఆంగ్ల నవలలు, రోహింటన్ మిస్త్రీ ‘ఎ ఫైన్ బ్యాలెన్స్’, సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’, ఓటును ఎలా చిత్రించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ ఇచ్చే పఠన పద్ధతి సహాయంతో ఈ కాలవిభజనను పునరాలోచించవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అత్యవసర పరిస్థితి, 1977 ఎన్నికలు, ఓటు, అంగీకారం, కాలవిభజన, ‘యజ్ఞం’.

1. ప్రవేశిక

నిరంకుశ పాలనలో జరిగే శాసనసభల ఎన్నికలను సాహిత్యం సాధారణంగా రెండు విధాలుగా చూస్తుంది. మొదటిది వ్యంగ్య దృష్టి: ఫలితం ముందే నిర్ణయమైన తంతుగా ఎన్నికను చిత్రించడం. రెండవది విమోచన దృష్టి: పాలకుడు తన గెలుపు కోసం ఏర్పాటు చేసిన ఎన్నికలోనే ప్రజలు అతనిని ఓడించడం. 1977 ఎన్నికలు ఈ రెండవ కథకు భారతీయ ఉదాహరణగా స్థిరపడ్డాయి. 1975 జూన్ 25 రాత్రి విధించిన అత్యవసర పరిస్థితి, పత్రికలపై సెన్సార్‌షిప్, ప్రతిపక్ష నాయకుల నిర్బంధం, బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు, చివరకు ప్రజల తీర్పు. ఈ క్రమంలో ఆది, మధ్య, అంతాలు చక్కగా అమరుతాయి.

ఆధునిక తెలుగు సాహిత్యాన్ని దశాబ్దాల వారీగా బోధించేటప్పుడు ఈ క్రమం మన తరగతి గదుల్లోకి కూడా వచ్చి చేరింది. ‘ఎమర్జెన్సీ కాలపు సాహిత్యం’ అన్న శీర్షిక కింద 1975, 1977 అన్న రెండు సరిహద్దు రాళ్లు పాతుతున్నాం. మొదటి రాయికి ఆధారం ఒక ప్రభుత్వ ప్రకటన. రెండవ రాయికి ఆధారం ఒక ఎన్నిక. ఆ ఎన్నికలో తెలుగు ఓటరు ఇచ్చిన తీర్పు మాత్రం మనం చెప్పే కథకు అనుకూలంగా లేదు. ఈ వైరుధ్యాన్ని ఎన్నికల గణాంకాలలో ఒక వింతగా ప్రస్తావించి వదిలివేయడం కుదరదన్నది ఈ వ్యాసం వాదన. నిరంకుశ పాలనలో వేసిన ఓటును సాహిత్య విమర్శ ఎలా చదవాలి అన్న ప్రశ్న దానిలో ఇమిడి ఉంది.

2. ఎన్నికల సందర్భం

1971లో ఏర్పడిన అయిదవ లోక్‌సభ గడువు 1976 మార్చితో ముగియవలసి ఉంది. అత్యవసర పరిస్థితిని ఆధారం చేసుకొని ఆ గడువును ఏడాది చొప్పున రెండుసార్లు పొడిగించారు. 1977 జనవరి 18న ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నికల నిర్ణయాన్ని ప్రకటించారు. మార్చి 16 నుంచి 20 వరకు పోలింగ్ జరిగింది. ప్రకటన తరువాత అనేకమంది ప్రతిపక్ష నాయకులు విడుదలయ్యారు, సెన్సార్‌షిప్ సడలింది. అయితే అత్యవసర పరిస్థితి ప్రకటన మాత్రం రద్దు కాలేదు. ఫలితాలు తేలిన తరువాతే, మార్చి 21న, దానిని ఉపసంహరించారు.

ఈ తేదీల క్రమం సాహిత్య విద్యార్థికి ఎందుకు ముఖ్యమో చెప్పాలి. 1975 జూన్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాజ్యాంగంలోని 14, 21, 22 అధికరణాల అమలు కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించే హక్కును నిలిపివేసింది. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఆ స్థితిని సమర్థించింది. అంటే ఓటరు బ్యాలెట్ పత్రాన్ని చేతిలోకి తీసుకొన్న రోజున కూడా, తనను అక్రమంగా నిర్బంధిస్తే విడిపించమని కోర్టును అడిగే దారి అతనికి లేదు. ప్రభుత్వాన్ని మార్చే హక్కు ఉన్నది, ఆ ప్రభుత్వం నుంచి తన శరీరాన్ని కాపాడుకొనే హక్కు లేదు. 1977 ఓటు ఈ రెండింటి మధ్య పడిన ఓటు.

ఫలితాలు సుపరిచితమే. 542 స్థానాలలో కాంగ్రెస్‌కు 154 దక్కాయి. ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాలలో, బీహారులోని 54 స్థానాలలో ఆ పార్టీకి ఒక్కటి కూడా రాలేదు. ప్రధాని రాయ్‌బరేలీలో ఓడిపోయారు. బరోడా డైనమైట్ కేసులో జైలులో ఉన్న జార్జి ఫెర్నాండెజ్ ముజఫర్‌పూర్ నుంచి భారీ ఆధిక్యంతో గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం నంద్యాల నుంచి గెలిచిన నీలం సంజీవరెడ్డి తప్ప ప్రతిపక్షానికి మరొక స్థానం లేదు. కేరళలోని 20 స్థానాలూ కాంగ్రెస్ భాగస్వామిగా ఉన్న పాలక కూటమికే దక్కాయి. ‘దేశం తీర్పు’ అన్న ఏకవచనం దక్షిణాదిలో నిలబడదు.

3. పోలింగ్ కేంద్రం నుంచి శిబిరానికి: ‘ఎ ఫైన్ బ్యాలెన్స్’

మిస్త్రీ నవల 1995లో వెలువడింది. పేరు చెప్పని ఒక సముద్రతీర నగరంలో దీనా దలాల్ అనే వితంతువు, ఈశ్వర్, ఓంప్రకాశ్ అనే ఇద్దరు దర్జీలు, మానెక్ అనే విద్యార్థి ఒకే ఇంట చేరడం దీని ప్రధాన కథ. నవల ప్రారంభం 1975. ఉపసంహారం 1984. నడుమ ఉన్న 1977 ఎన్నిక నవలలో కథాభాగంగా రాదు. ఎమర్జెన్సీని ఇంత విస్తృతంగా చిత్రించిన రచయిత, దానిని ముగించిన ఎన్నికను దాటి ఏడేళ్లు ముందుకు వెళ్లిపోయాడు.

నవలలో ఓటు లేదని మాత్రం దీని అర్థం కాదు. ఎమర్జెన్సీకి ముందు, దర్జీల కుటుంబ చరిత్రను చెప్పే భాగంలో, ఒక ఎన్నికల ఘట్టం ఉంది. చర్మకార కులానికి చెందిన దుఖీ మోచీ తన కొడుకులైన ఈశ్వర్, నారాయణ్‌లను పట్టణంలో అష్రఫ్ అనే ముస్లిం దర్జీ వద్ద పనికి పెడతాడు. కులవృత్తిని విడిచిన నారాయణ్ ఊరికి తిరిగి వచ్చి, తనవారికి బట్టలు కుడుతూ, నాలుగు డబ్బులు సంపాదించుకొంటాడు. ఆ ఊళ్లో ఎన్నికల పద్ధతి ఏమంటే, దళితులు వచ్చి జాబితాలో వేలిముద్ర వేసి వెళ్లిపోవాలి. బ్యాలెట్ పత్రాలను ఠాకూర్ ధరమ్‌సీ మనుషులు నింపుకొంటారు. నారాయణ్ తన పత్రం తనకు ఇవ్వమని అడుగుతాడు. మరో ఇద్దరు అతనికి తోడు నిలుస్తారు. ముగ్గురినీ చిత్రహింసలు పెట్టి చంపుతారు. ఇంటిలో ఉన్న అతని కుటుంబాన్ని సజీవంగా దహనం చేస్తారు. పట్టణంలో ఉన్న ఈశ్వర్, నారాయణ్ కొడుకు ఓంప్రకాశ్ మాత్రమే మిగులుతారు.

ఈ ఘట్టంలో నారాయణ్ ఏ పార్టీకి ఓటు వేయదలచాడన్నది నవలకు ముఖ్యం కాదు. వేలిముద్రకు, ఓటుకు మధ్య ఉన్న దూరాన్ని అతడు గుర్తించాడన్నదే ముఖ్యం. వేలిముద్ర వేయడం వరకు ఊరి కట్టుబాటు అతనిని అడ్డుకోదు. నిజానికి అది అతని నుంచి వేలిముద్రను కోరుతుంది. అతడు వచ్చాడన్న ఆనవాలు జాబితాకు అవసరం. అతని ఎంపిక మాత్రం అనవసరం. హాజరును అంగీకారంగా లెక్కకట్టే ఈ ఏర్పాటు ఎమర్జెన్సీ సృష్టి కాదని, ప్రజాస్వామ్యం సజావుగా సాగుతున్నదని అందరూ అనుకొన్న రోజుల్లోనే ఊరిలో స్థిరపడి ఉన్నదని మిస్త్రీ చూపుతున్నాడు.

ఎమర్జెన్సీ భాగంలో ఇదే లెక్క మూడు రూపాల్లో తిరిగి వస్తుంది. మొదటిది ప్రధాని సభ. మురికివాడ జనాన్ని బస్సుల్లో ఎక్కించి తీసుకుపోతారు. వారు అక్కడ చప్పట్లు కొట్టే జనసంఖ్యగా మాత్రమే అవసరం. రెండవది పేవ్‌మెంట్ల మీది నుంచి ఎత్తుకుపోయి పనిలో పెట్టిన కూలీల శిబిరం. మూడవది శస్త్రచికిత్స శిబిరం. పెళ్లి సంబంధం కోసం పట్టణానికి వచ్చిన ఓంప్రకాశ్‌నూ, అతని పెదనాన్న ఈశ్వర్‌నూ బజారులో పట్టుకుపోయి ఆపరేషన్ చేస్తారు. అక్కడి కుటుంబ నియంత్రణ కార్యక్రమానికి పెద్ద ఠాకూర్ ధరమ్‌సీయే. అతని కక్ష వల్ల ఓంప్రకాశ్ మరింత క్రూరమైన శస్త్రచికిత్సకు గురవుతాడు. గాయం విషమించి ఈశ్వర్ కాళ్లు కోల్పోతాడు.

ఠాకూర్ పాత్ర పునరాగమనాన్ని కథాసౌలభ్యం కోసం కల్పించిన యాదృచ్ఛికతగా చూసే అవకాశం ఉంది. మిస్త్రీ నవలలో యాదృచ్ఛికతలు ఎక్కువన్న విమర్శలో కొంత నిజం కూడా ఉంది. ఈ సందర్భంలో మాత్రం ఆ పునరాగమనమే నవల రాజకీయ వాదన. పోలింగ్ కేంద్రాన్ని నడిపిన మనిషే శిబిరాన్ని నడిపాడు. రెండు చోట్లా ఒక జాబితా ఉంది, పూర్తి చేయవలసిన సంఖ్య ఉంది, ఆ సంఖ్యకు అవసరమైన దేహాలు ఉన్నాయి. 1976-77 సంవత్సరంలో దేశంలో జరిగిన కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు సుమారు 81 లక్షలని షా కమిషన్ నివేదించింది. ఆ సంఖ్య వెనుక ఉన్న యంత్రాంగం రాత్రికి రాత్రి పుట్టినది కాదని మిస్త్రీ ఒక్క పాత్ర ద్వారా చెప్పగలిగాడు.

1977 ఎన్నికను నవల ఎందుకు దాటవేసిందో ఇప్పుడు ఊహించవచ్చు. ఓటు దొంగతనాన్ని ఎమర్జెన్సీకి ముందే చూపిన రచయిత, ఎమర్జెన్సీ ఓటుతో ముగిసిందని చెప్పి పాఠకుడికి ఊరట ఇవ్వలేడు. 1984 ఉపసంహారంలో ఈశ్వర్, ఓంప్రకాశ్ బిచ్చగాళ్లుగా కనిపిస్తారు. ప్రభుత్వం మారింది, మళ్లీ పాత ప్రభుత్వం వచ్చింది, ప్రధాని హత్య జరిగింది. వారి దేహాల మీద జరిగినది మాత్రం ఏ ఎన్నికతోనూ వెనక్కి వెళ్లలేదు.

4. మనసులోని పార్లమెంటు: ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’

రష్దీ నవల (1981) ఓటును మరొక దిశ నుంచి సమీపిస్తుంది. 1947 ఆగస్టు 15 తొలి గంటలో పుట్టిన 1001 మంది పిల్లలలో పదేళ్ల నాటికి మిగిలిన 581 మందిని కథకుడు సలీం సినాయ్ తన మనసులో సమావేశపరుస్తాడు. ఈ సమావేశాన్ని అతడే ఒక పార్లమెంటుతో పోలుస్తాడు. వివిధ భాషల, ప్రాంతాల, మతాల, వర్గాల పిల్లలు సమాన సభ్యులుగా మాట్లాడుకొనే చట్టసభ అది. స్వతంత్ర భారతదేశపు రాజ్యాంగ స్వప్నానికి నవలలో దొరికే అతి స్పష్టమైన రూపం అదే.

ఆ సభ ఎమర్జెన్సీ వల్ల భగ్నం కాలేదన్నది గమనించదగ్గ విషయం. అది అంతకు ఎంతో ముందే, పిల్లలు తమ తల్లిదండ్రుల పక్షపాతాలను లోపలికి తెచ్చుకొన్నప్పుడే బీటలు వారింది. సలీం, శివ పుట్టగానే తారుమారైన పిల్లలు. సంపన్నుల ఇంట పెరిగిన సలీం సమానత్వం గురించి మాట్లాడుతాడు. పేదరికంలో పెరిగిన శివ ఆ మాటను నమ్మడు. సభలో అందరికీ సమాన స్థానమన్న నియమం సభ వెలుపలి అసమానతను తాకలేకపోయింది. మిస్త్రీ ఊరిలో భూస్వామి చేసిన పనిని ఇక్కడ వర్గభేదం నిశ్శబ్దంగా చేస్తుంది.

ఎమర్జెన్సీ వచ్చిన తరువాత సలీంను కాశీలోని వితంతువుల వసతిగృహంలో నిర్బంధిస్తారు. అక్కడ అతడు మిగిలిన పిల్లల పేర్లు, చిరునామాలు చెప్పేస్తాడు. పార్లమెంటును సమావేశపరచినవాడే దాని సభ్యుల జాబితాను నిరంకుశ పాలనకు అప్పగించాడు. వారందరినీ తెచ్చి, సంతానశక్తితో పాటు ఆశను కూడా తొలగించే శస్త్రచికిత్స చేస్తారు. ఎమర్జెన్సీ బాధితుడిని నిర్దోషిగా చిత్రించే సులభ మార్గాన్ని రష్దీ ఇక్కడ వదులుకొన్నాడు. సలీం బాధితుడూ, ద్రోహి కూడా. నిరంకుశ పాలన కొంతవరకైనా మన సహకారంతో సాగుతుందన్న నిజాన్ని నవల కథకుడి నోటనే చెప్పించింది.

ఈ నవలలో 1977 ఎన్నిక ప్రస్తావన ఉన్నది. సలీం విడుదలకు అదే కారణం. అయినా ఆ విడుదలలో ఉత్సవం లేదు. కొత్త పాలకులలో తనకు కొత్త ఉదయం కనిపించలేదని, బహుశా ఆశావాదమనే రోగం తనకు నయమైపోయిందేమోనని అతడు భావిస్తాడు. ఆశావాదాన్ని అంటురోగంగా చెప్పడం నవల మొదటి భాగంలో, 1942 నాటి కథలోనే ప్రారంభమైన రూపకం. అది చివరకు 1977 వద్దకు వచ్చి ఆగింది. మిస్త్రీ ఎన్నికను మౌనంతో దాటితే, రష్దీ దానిని ఆలస్యంగా అందిన వార్తగా నమోదు చేశాడు. ఎన్నికను చారిత్రక సరిహద్దుగా నిలబెట్టడానికి ఇద్దరూ సమ్మతించలేదు.

5. అంగీకారాన్ని చదవడం: ‘యజ్ఞం’ ఇచ్చే పద్ధతి

ఈ రెండు నవలలకూ ఒక ఉమ్మడి పరిమితి ఉంది. పేదవాడు ఓటు హక్కును కోల్పోయినవాడిగానో, శస్త్రచికిత్సకు గురైనవాడిగానో వీటిలో కనిపిస్తాడు. తన ఇష్టంతో పోలింగ్ కేంద్రానికి వెళ్లి, పాలకపక్షానికే ఓటు వేసి వచ్చిన పేదవాడు మాత్రం కనిపించడు. 1977 ఆంధ్రప్రదేశ్‌ను అర్థం చేసుకోవడానికి మనకు కావలసింది సరిగ్గా ఆ మనిషే. బలప్రయోగం కంటికి కనిపించని చోట అంగీకారం ఎలా తయారవుతుంది అన్నది అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఉపకరించే సాధనం తెలుగు కథలో ఎమర్జెన్సీకి పదకొండేళ్ల ముందే ఉన్నది. 1964 నాటి ‘యజ్ఞం’ కథలో ఎన్నిక లేదు, నిరంకుశ ప్రభుత్వం లేదు. ఒక ఊరు, ఒక అప్పు, దానిపై తగవు తీర్చే పెద్దమనుషుల సభ మాత్రమే ఉన్నాయి. శ్రీరాములు నాయుడు ఊరి అభివృద్ధికి పాటుపడినవాడు, మర్యాదస్తుడు, అందరి గౌరవం పొందినవాడు. సభలో ఎవరూ అప్పల్రాముడి మీద చేయి చేసుకోరు. అందరికీ మాట్లాడే అవకాశం ఉంది. అప్పల్రాముడు కూడా మాట్లాడతాడు. చివరకు అప్పు తీర్చడానికి తన భూమిని వదులుకొనేందుకు అతడే ఒప్పుకొంటాడు. ఆ ఒప్పుకోలు తరువాత కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను చంపి సభ ముందుకు తెస్తాడు. ఆ బిడ్డ భవిష్యత్తు బానిసత్వమేనని అతనికి అర్థమైంది.

‘యజ్ఞం’ మీద దశాబ్దాలుగా సాగిన చర్చలో ముగింపు ఔచిత్యం ప్రధాన స్థానం ఆక్రమించింది. సభ నడిచిన తీరుకు అంతటి ప్రాధాన్యం రాలేదని నా అభిప్రాయం. కాళీపట్నం రామారావు కథలో ఎక్కువ భాగాన్ని ఆ సభకే కేటాయించారు. పద్ధతి ప్రకారం నడిచిన, అందరికీ మాట ఇచ్చిన, బలప్రయోగం లేని సభలో అప్పల్రాముడి ‘సరే’ ఎలా పుట్టిందో ఆయన మెట్టు మెట్టుగా చూపారు. ఆ ‘సరే’ అబద్ధం కాదు. అప్పల్రాముడు మోసపోయిన అమాయకుడూ కాదు. ధర్మం తప్పకూడదన్న అతని విశ్వాసమే అతనిని ఆ మాటకు తీసుకువచ్చింది. అయినా ఆ మాటను స్వేచ్ఛగా ఇచ్చిన అంగీకారమని అనలేము. ప్రత్యామ్నాయాలన్నీ ఊరి చరిత్రలో ముందే మూసుకుపోయాయి.

ఈ కథ నుంచి విమర్శకుడు తీసుకోగల పద్ధతి ఇది: అంగీకారాన్ని ఫలితం వద్ద కొలవకుండా, అది రూపొందిన స్థితిగతుల వద్ద చదవాలి. ఆ పద్ధతిలో చూస్తే, నారాయణ్ వేలిముద్ర, సలీం అప్పగించిన జాబితా, అప్పల్రాముడి ‘సరే’, 1977లో తెలుగు ఓటరు వేసిన ముద్ర ఒకే ప్రశ్నకు సంబంధించిన నాలుగు సందర్భాలు అవుతాయి. అవి ఒకటే అని మాత్రం అనరాదు. మొదటిదానిలో ఎంపికే లేదు. రెండవది నిర్బంధంలో జరిగిన లొంగుబాటు. మూడవదానిలో ఎంపిక ఉన్నట్లు కనిపిస్తుంది. నాల్గవదానిలో ఎంపిక నిజంగానే ఉన్నది, ఎందుకంటే అదే రోజుల్లో, అదే ఎమర్జెన్సీ కింద, ఉత్తరాది ఓటరు పాలకపక్షాన్ని ఓడించగలిగాడు.

6. 41 స్థానాలు

ఆంధ్రప్రదేశ్ ఫలితానికి రాజకీయ పరిశీలకులు చెప్పే కారణాలు ఒకటి కంటే ఎక్కువ. బలవంతపు శస్త్రచికిత్సల తీవ్రత ఉత్తరాదిలో ఉన్నంతగా దక్షిణాదిలో లేదన్నది ఒకటి. ఇరవై సూత్రాల కార్యక్రమం, 1975 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భూ గరిష్ఠ పరిమితి చట్టం, ఇళ్ల స్థలాల పంపిణీ వంటివి పేదలలో, వెనుకబడిన, దళిత వర్గాలలో ఆశలు కల్పించాయన్నది మరొకటి. ప్రతిపక్షానికి రాష్ట్రంలో బలమైన నిర్మాణం లేదన్నది ఇంకొకటి. వీటిలో ఏది ఎంత నిజమన్నది సాహిత్య పరిశోధకుడు తేల్చగలిగిన విషయం కాదు. అయితే ఇవన్నీ ఓటరుకు తనవైన కారణాలు ఉన్నాయని అంగీకరిస్తాయి. సాహిత్య విమర్శ ఆ పాటి గౌరవాన్ని కూడా తరచు ఇవ్వలేదు. ఉత్తరాది ఓటరును చైతన్యవంతుడని, తెలుగు ఓటరును మోసపోయినవాడని అనడం తేలిక. ఒకే చేతి పనికి ఫలితాన్ని బట్టి రెండు పేర్లు పెట్టడం అది.

అదే సమయంలో, ఆ 41 స్థానాలు ఎమర్జెన్సీ కాలంలో తెలుగు నేల మీద జరిగినదానికి ఆమోదముద్ర అనడం కూడా అంతే తప్పు. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ‘ఎన్‌కౌంటర్’లో మరణించారు. 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. విప్లవ రచయితల సంఘానికి చెందిన పలువురు రచయితలు నిర్బంధంలో ఉన్నారు. వారిపై సికింద్రాబాద్ కుట్ర కేసు 1974లోనే, అంటే ఎమర్జెన్సీకి ముందే, మొదలైంది. ఎన్‌కౌంటర్ల మీద తార్కుండే కమిటీ విచారణ, భార్గవ కమిషన్ నియామకం 1977 ఎన్నికల తరువాతే సాధ్యమయ్యాయి. ఆ మేరకు ఎన్నిక ఒక తలుపు తెరిచింది. ఆ తలుపును ఎక్కువగా తెరిచింది తెలుగు ఓటు కాదు, ఇతర ప్రాంతాల ఓటు.

టిక్కవరపు పట్టాభిరామిరెడ్డి కుటుంబ కథ ఈ తేదీల మధ్య ఇరుక్కొన్న మరొక సాక్ష్యం. ‘ఫిడేలు రాగాల డజన్’ (1939)తో తెలుగు కవిత్వంలో కొత్త గొంతు వినిపించిన పట్టాభి భార్య స్నేహలత. ‘సంస్కార’ చలనచిత్రంలో చంద్రి పాత్రధారిణి. 1976లో అరెస్టయి, ఉబ్బసంతో బాధపడుతూ ఎనిమిది నెలలకు పైగా బెంగుళూరు జైలులో గడిపారు. 1977 జనవరి 15న పెరోల్‌పై బయటకు వచ్చారు. 18న ఎన్నికల ప్రకటన వెలువడింది. 20న ఆమె మరణించారు. ఆమె జైలు డైరీ తరువాత ఆంగ్లంలో వెలువడింది. ఆధునిక తెలుగు కవిత్వ చరిత్రలో పట్టాభికి ఒక పేజీ తప్పక ఉంటుంది. ఆ పేజీలో 1939 ఉంటుంది, 1977 అరుదుగా ఉంటుంది. ఎమర్జెన్సీ సాహిత్యమంటే తెలుగులో రాసినది మాత్రమేనా, తెలుగు సాహిత్య కుటుంబం అనుభవించినది కూడానా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది.

1977 తరువాతి తేదీలు కూడా సరిహద్దు రాయిని కదిలిస్తాయి. 1978 శాసనసభ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ 294 స్థానాలలో 175 గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల ఊరేగింపు జరిగింది. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీ, మెదక్ రెండు చోట్లా గెలిచి, మెదక్ స్థానాన్ని నిలుపుకొన్నారు. తెలంగాణ గ్రామం నుంచి వచ్చిన కథకుడికి, ముఖ్యంగా అల్లం రాజయ్య తరానికి, 1977 మార్చిలో ఒక యుగం ముగిసిందని చెప్పడం వారి రచనలకే విరుద్ధం.

ఒక ఆక్షేపణను ఇక్కడ ఎదుర్కోవాలి. 1977ను సరిహద్దుగా తొలగిస్తే, ఎమర్జెన్సీ ప్రత్యేకతను తగ్గించినట్లు కాదా? నిర్బంధం ముందూ ఉంది, తరువాతా ఉంది అంటే, రాజ్యాంగ హక్కుల రద్దుకు, వాటి ఉల్లంఘనకు మధ్య తేడా చెరిగిపోదా? ఈ ఆక్షేపణ సబబైనదే. షా కమిషన్ లెక్క ప్రకారం ఆంతరంగిక భద్రతా చట్టం కింద దేశంలో సుమారు 35 వేల మందిని నిర్బంధించారు. కోర్టు తలుపులు మూసి ఉన్న కాలం, తెరిచి ఉన్నా ఫలితం లేని కాలం ఒకటి కావు. అందువల్ల ఈ వ్యాసం ఎమర్జెన్సీ అన్న విభాగాన్ని రద్దు చేయమనడం లేదు. దాని ముగింపును పాలనాపరమైన తేదీగా, అంటే మార్చి 21 నాటి ఉపసంహరణగా గుర్తించి, ఎన్నిక ఫలితాన్ని సాహిత్య చైతన్యానికి కొలతగా వాడకూడదని మాత్రమే అంటున్నది.

మలయాళ సాహిత్య రంగం ఈ విషయంలో మనకు ఆలోచన కలిగిస్తుంది. అక్కడి ఓటరు కూడా పాలక కూటమినే గెలిపించాడు. అయినా 1976 మార్చిలో పోలీసులు పట్టుకుపోయిన ఇంజనీరింగ్ విద్యార్థి రాజన్ కథ, అతని తండ్రి ఈచర వారియర్ స్మృతి రచన ద్వారా, కేరళ సాంస్కృతిక జ్ఞాపకంలో స్థిరపడింది. ఓటు గుర్తించని నష్టాన్ని ఒక తండ్రి రచన లెక్కలోకి తెచ్చింది. ఎన్నిక ఫలితం, సాహిత్య సాక్ష్యం రెండూ వేర్వేరు చిట్టాలుగా పక్కపక్కనే ఉండగలవని అక్కడి అనుభవం చూపుతున్నది.

7. ముగింపు

నిరంకుశ పాలనలో జరిగిన ఎన్నికను చదివేటప్పుడు విమర్శకుడి ముందు సిద్ధంగా ఉండే రెండు పదాలు ‘తంతు’, ‘తీర్పు’. 1977 ఎన్నిక తంతు కాదని దాని దేశవ్యాప్త ఫలితం రుజువు చేసింది. అది ఏకకంఠమైన తీర్పు కాదని తెలుగు ఫలితం రుజువు చేసింది. మిస్త్రీ, రష్దీ నవలలు ఎన్నికకు విమోచన స్థానం ఇవ్వకపోవడం వల్ల ఓటుకు ముందు, వెనుక ఉన్న యంత్రాంగాన్ని చూపగలిగాయి. ఇష్టపూర్వకంగా పాలకపక్షాన్ని ఎన్నుకొన్న పేదవాడిని మాత్రం అవి చూడలేకపోయాయి. ఆ మనిషిని చదవడానికి ‘యజ్ఞం’ సభాదృశ్యం మెరుగైన దారి చూపుతుంది.

ఈ పరిశీలన నుంచి రెండు పనులు ముందుకు వస్తాయి. ఒకటి, 1975-77 విభాగాన్ని బోధించేటప్పుడు 1974 కుట్ర కేసును, 1978 కల్లోలిత ప్రాంతాల ప్రకటనను కూడా అదే పాఠంలో చేర్చడం. రెండు, 1977 మార్చిలో ఓటు వేసిన తెలుగు స్త్రీపురుషుల జ్ఞాపకాలను సేకరించడం. ఆనాడు ఇరవై ఒక్క ఏళ్లు నిండితేనే ఓటు హక్కు ఉండేది. అంటే ఆ ఓటర్లలో అతి చిన్నవారు కూడా ఈనాడు వృద్ధులు. ఎందుకు ఓటు వేశారని వారిని అడిగి, చెప్పిన సమాధానాన్ని చెప్పినట్లు రాసుకోవడానికి మిగిలి ఉన్న సమయం కొద్దిది. ఆ సమాధానాలు మన వాదనలను బలపరచవచ్చు, ఈ వ్యాసంలోని వాదనతో సహా తోసిపుచ్చవచ్చు. వాటిని వినకుండా ఆ 41 స్థానాల మీద విమర్శ ఏ మాట చెప్పినా, ఓటరు వేలిముద్ర తీసుకొని బ్యాలెట్ పత్రాన్ని తానే నింపుకొన్నట్లు అవుతుంది.